బీరన్న దూపకు శాంక్షనైన బావి

దాహం అతిగా వేస్తే భయపడాలని, మాటిమాటికీ ఒంటికి పోవలసి వస్తే డాక్టరును చూడాలని పట్నంలో చదువుకున్నవాళ్లు చెబుతారు. చెప్పనివ్వండి! ఇంట్లో నల్లా ఉన్నవాళ్లు ఎన్నయినా చెబుతారు. మక్తల్ అవతల నీళ్లదొడ్డి అనే ఊళ్లో అడిగి చూడండి. ఒక మనిషికి రోగం ముదిరితే ఊరు ఎంత బాగుపడుతుందో వాళ్లు చెబుతారు.

ఆ మనిషి పేరు బీరన్న. గొర్రెలు కాసుకునేవాడు. వయసు యాభై దాటింది. అతను ఊళ్లో ఉన్నాడన్న సంగతి గొర్రెలకూ, భార్య జానమ్మకూ తప్ప ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. అలాంటి బీరన్నకు ఒక ఎండాకాలం దూప పట్టుకుంది, ఎంత తాగినా తీరని దాహం.

చెంబు చాలలేదు. బిందె చాలలేదు. చివరికి బావి దగ్గరికే పోయి కూర్చున్నాడు. ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క బావే. నీళ్లు అడుగున ఎక్కడో ఉంటాయి, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. ఆడవాళ్లు వంతులు వేసుకుని చేదుకుంటారు. చేదినవి చేదినట్టే బీరన్న తాగేస్తుంటే ఎంతకని ఊరుకుంటారు?

“ఏందే జానమ్మా, నీ మొగడు మనిషా, ఎడ్ల జతనా?” అని పక్కింటి గోపమ్మ బావిగట్టు మీదే నిలదీసింది. “మా బిందె ఎత్తిండు, దించకుంట తాగిండు!”

జానమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తగాదా సర్పంచ్ దశరథం దగ్గరికి చేరింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. కుర్చీ ఎక్కినప్పటి నుంచి దశరథం ఊరికి మంచినీళ్ల బావి కావాలని సమితి ఆఫీసరును అడుగుతూనే ఉన్నాడు. ఆఫీసరు ఊరి పేరు విని నవ్వేవాడు. “పేరులోనే నీళ్లు పెట్టుకున్నారు కదయ్యా! ముందు లేనివాళ్ల సంగతి చూడనివ్వండి” అనేవాడు.

తగువు తీర్చడానికి వచ్చిన దశరథం, బీరన్న కుండ ఎత్తి దించకుండా తాగడం కళ్లారా చూశాడు. కోపం రాలేదు. కళ్లు మెరిశాయి.

“గీన్ని తిట్టకున్రి. గీన్నే ఆఫీసర్ సారుకు సూపిద్దాం!” అన్నాడు.

ఆఫీసరు జీపులో దిగిన రోజు పంచాయతీ గది ముందు బీరన్నకు కుర్చీ వేశారు. పుట్టి బుద్ధెరిగాక అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎదురుగా నిండు కుండ పెట్టారు. ఎత్తాడు. దించేసరికి ఖాళీ! ఇంకోటి పెట్టారు. అదీ ఖాళీ! ఆఫీసరు నోరు తెరిచాడు.

“ఇంత కరువా! నాకెవరూ చెప్పలేదేం?”

“శెప్పినం సార్. గని తాగి సూపియ్యలే” అన్నాడు దశరథం.

అక్కడికక్కడే బావి శాంక్షన్!

ఒక్క లక్షణానికి ఒక బావి! ఇక తక్కిన లక్షణాలను ఏ ఊరైనా ఊరికే పోనిస్తుందా?

తాగిన నీళ్లు ఒంట్లో నిలవవు కదా. బీరన్న రాత్రంతా లేచి బయటికి పోతూ వస్తూ ఉండేవాడు. ఎప్పుడు చూసినా వీధిలో మనిషి మసులుతుంటే దొంగ ఏ ధైర్యంతో వస్తాడు? ఊరికి ఖర్చులేని గస్తీ దొరికింది! ముగ్గురి తిండి తింటున్నా బీరన్న చిక్కి సగమయ్యాడు. అంగీ విప్పించి డొక్కలు చూపిస్తే గంజి కేంద్రం శాంక్షనైంది. కాలికి ముల్లు గుచ్చుకుంది, పుండైంది, ఎన్నాళ్లకూ మానలేదు. “రోడ్డు లేక గిట్లయింది సార్” అన్నారు. కంకర రోడ్డు శాంక్షన్! కళ్లు మసకబారి ఒకనాడు పొట్టేలును చూసి సర్పంచ్ అనుకుని దండం పెట్టాడు. “శీకట్ల తిరిగి తిరిగి కండ్లు పోతున్నయి సార్” అన్నారు. వీధి లాంతర్లు శాంక్షన్!

పనులు మాత్రం ఇంకా మొదలు కాలేదు. కాగితాలు పైకి పోయాయి, కిందికి రావాలి.

బీరన్న ఛాతీ విరుచుకుని తిరిగాడు. అతను నడిచొస్తుంటే అరుగుల మీది పెద్దమనుషులు లేచి నిలబడేవారు. ఇంటింటి నుంచి చెంబెడు బెల్లం పానకం వచ్చేది. ఊరికోసం అంత కష్టపడే మనిషికి ఓపిక ఉండొద్దా! పానకం తాగినకొద్దీ దూప పెరిగింది. దూప పెరిగినకొద్దీ ఊరికి సంతోషం పెరిగింది.

“నేను లేకుంటే గీ ఊరే లేదు” అన్నాడు బీరన్న ఒకనాడు భార్యతో.

“ఊరుంటది. నువ్వుంటవా అని నా ఫికరు” అంది జానమ్మ. “ధోతి రెండు సుట్లు ఎక్కువ సుట్టుకుంటున్నవ్. నువ్వు ఒంటికి పోయిన కాడ చీమలు జాతర జేస్తున్నయి. దవాఖానకు పోదాం పా.”

“చీమలకు గూడ నేనంటే పానమే!” అని మురిసిపోయాడు బీరన్న.

జానమ్మ బండి కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఒకరి ఎద్దు కుంటిదైంది, ఒకరి బండి ఇరుసు విరిగింది. చివరికి దశరథమే అసలు మాట చెప్పాడు.

“జర ఆగు చెల్లె. బావి తవ్వంగనే నేనే బండి కట్టి తోల్కపోత. గిప్పుడు నయమైతే అంత ఖరాబైతది.”

“నీ బావి లోతు నా మొగని పానంతోటి కొలుస్తున్నవా అన్నా?” అంది జానమ్మ.

దశరథం తల వంచుకున్నాడు. కానీ బండి కట్టలేదు.

ఆఫీసరు మళ్లీ వచ్చాడు. ఈసారి పైవాళ్లకు పంపడానికి ఫోటో తీసేవాణ్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. బీరన్నను కుర్చీలో కూర్చోబెట్టారు. కుండ ఎత్తబోయాడు, చేతులు లేవలేదు. తల వాలిపోయింది. పిలిస్తే పలకలేదు.

“అద్భుతం! కదలకండి, అలాగే ఉండనివ్వండి!” అన్నాడు ఆఫీసరు.

జానమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మొగుణ్ని భుజాన వేసుకుని ఈడ్చుకుంటూ పోయి జీపులో పడేసి, పక్కనే ఎక్కి కూర్చుంది.

“దవాఖానకు నడిపియ్యి సారూ. నడిపియ్యకుంటే గిక్కడనే నా బొట్టు తుడుసుకుంట. గది గూడ ఫోటో దియ్యి!”

జీపు కదిలింది. గాలి తగిలి బీరన్నకు కాస్త తెలివి వచ్చింది. కళ్లు తెరిచి చాలాసేపు చూశాడు. “జానా, నీ మొఖం కనపడ్తలేదు” అన్నాడు. కుర్చీ, అరుగులు, పానకం ఏవీ అతనికి గుర్తు రాలేదు. భయమేసింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

దవాఖానలో డాక్టర్ ఖమర్ నాడి చూస్తూ అడిగాడు. “దూప ఎక్కువైందా?”

“అది బావి కింద వస్తుంది” అన్నాడు ఆఫీసరు.

“కాలి పుండు మానుతలేదా?”

“అది రోడ్డు పద్దు.”

“కండ్లు మసకలైనయా?”

“వీధి లాంతర్లు. ఆర్డరు అయిపోయింది.”

“సాబ్, నేను మనిషిని సూస్తున్న. మీరు జర బయట కూసోన్రి” అన్నాడు డాక్టరు.

గాజు గొట్టంలో నీలం మందు పోసి, బీరన్న మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చగా మారింది, పసుపైంది, చివరికి ఇటుక రంగుకు తిరిగింది.

“సక్కెర రోగం, అమ్మా. దూప, ఆకలి, చిక్కిపోవుడు, పుండు, కండ్లు, అన్నీ గీ ఒక్కదాని గుర్తులే. ఇన్ని గుర్తులు కనపడ్డా ఎవ్వరికి సమజ్ కాలేదా?”

“అందరికి సమజైంది డాక్టర్ సాబ్. గందుకే తోల్కరానియ్యలే” అంది జానమ్మ.

సూదులు వేశారు, మాత్రలిచ్చారు, పానకం మాన్పించారు. కొన్నాళ్లకు బీరన్న తన కాళ్ల మీద తాను ఇల్లు చేరాడు. ఇప్పుడు చెంబెడు నీళ్లు చాలు. వెనకే ఆఫీసు నుంచి ఆర్డరూ చేరింది: సదరు సమస్యను వైద్యశాఖ వారు నయం చేసినందున బావి, గంజి కేంద్రం, రోడ్డు, లాంతర్లు రద్దు!

అరుగుల మీద ఎవరూ లేవలేదు. పలకరించినా మొహం తిప్పుకున్నారు.

“మంచిగైనంక ఎవ్వడు మాట్లాడ్తలేడు” అన్నాడు బీరన్న దిగులుగా.

“నేను మాట్లాడ్తున్న గద, సాలదా?” అంది జానమ్మ.

దశరథం మాత్రం ఆశ వదులుకోలేదు. ఒక మనిషికి నయమైతేనేం? ఊళ్లో ఇంతమంది ఉన్నారు. ఎవరో ఒకరికి ఆ అదృష్టం పట్టకపోతుందా! “దూప ఉన్నోళ్లంత ఎక్కున్రి!” అన్నాడు. ఊరంతా ఎక్కింది. బీరన్నకు ఒక్కటి దొరకని బండ్లు ఆ రోజు వరుసకట్టి కదిలాయి.

డాక్టర్ ఖమర్ పొద్దంతా గొట్టాలు కాస్తూనే ఉన్నాడు. గోపమ్మది నీలం. ఆమె మొగుడిది నీలం. ఒక్కో గొట్టం దించినప్పుడల్లా జనం ఉసూరుమన్నారు. దశరథానిదీ నీలమే.

“ముబారక్! మీ ఊర్ల ఇంకెవ్వరికి రోగం లేదు. మీది మామూలు దూప” అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

“మామూలు దూపకు మందు లేదా సాబ్?” అని అడిగాడు దశరథం.

“దానికి మందేంది? ఎండల వచ్చిన్రు. ఇంటికి పోయి కడుపునిండ మంచినీళ్లు తాగున్రి.”

ఒక్కరూ కదలలేదు. దశరథం తన గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సాబ్, ఇంకొక్కసారి కాగబెట్టున్రి” అన్నాడు బతిమాలుతూ. “జర ఎర్రగైతదేమో!”