చేతులు మారిన పాప

ఆ ఆదివారం ఉదయం దర్జీ పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియం ముందు వరుసలో నిలబడాలి, మట్టి పాపను ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాలి, ఇంటికి వచ్చి వంట చేసుకోవాలి. అంతే.

మ్యూజియం పాత భవనానికి మరమ్మతులు చేసి, వెనక కొత్త గదులు కడుతున్నారు. అందుకని బొమ్మలన్నిటినీ వీధి చివర ఖాళీగా ఉన్న బడికి తరలిస్తున్నారు. పెద్ద శిల్పాలు వ్యానులో వెళ్లాయి. చిన్నవాటిని మాత్రం ఊరివాళ్లే వరుసగా నిలబడి, చేతులు మారుస్తూ చేరవేయాలన్నారు. తలుపులు మూసేశాక జనం మ్యూజియాన్ని మరిచిపోతారని అధికారుల బెంగ.

మట్టి పాప ఇన్నాళ్లూ అద్దాల బీరువాలో ఉండేది. తల్లి బొమ్మ ఏనాడో విరిగిపోయింది. పాప ఒక్కతే మిగిలింది, ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాపి. పిన్ని పసిపిల్లల జుబ్బాలు కుట్టి బట్టల కొట్టుకు ఇస్తుంది. వీధిలో సగం మంది పిల్లలు ఆమె కుట్టిన జుబ్బాల్లోనే పెరిగారు. ఆమె ఇంట్లో మాత్రం ఏ జుబ్బా ఒక రాత్రికి మించి ఉండలేదు. ప్రతి ఆదివారం ఆ బీరువా ముందు నిలబడి, 'దీనికి ఆరు నెలల కొలత సరిపోతుంది' అనుకుని వచ్చేసేది. అద్దం మీద చెయ్యి వేస్తే కాపలాదారు దగ్గేవాడు.

"రెండు చేతులతో అందుకోండి, రెండు చేతులతో అందించండి. ఆగొద్దు, కింద పెట్టొద్దు!" అని మైకులో అరిచాడు అధికారి.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు పక్కనే నిలబడిన బాబాయి. ఆయన పిన్ని భర్త, బతుకంతా బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్లూ, చిల్లరా, సంచులూ, ఒక్కోసారి ఏడుస్తున్న పిల్లల్నీ చేతుల మీదుగా ముందుకు పంపినవాడు. ఆయన చేతిలో ఏది పడినా ముందుకు పోవలసిందే.

"ఏవండీ, పాప వచ్చినప్పుడు కాస్త నెమ్మదిగా అందుకోండి."

"బండి ఆపితే వెనకవాళ్లు ఊరుకుంటారేమిటే?"

"ఒక్క క్షణమండీ."

"అందరూ అలాగే అంటారు. జరగాలి, జరగాలి!"

రాతి బాతు వెళ్లింది. కంచు గుర్రం వెళ్లింది. "మట్టి పాప బయలుదేరింది, జాగ్రత్త!" అని మైకు పలికింది. దూరంగా గేటు దగ్గర పసుపు గుడ్డలో చుట్టిన మూట కనబడేసరికి పిన్ని కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామని కళ్లజోడు తీసింది. బాబాయి అటు చూడనైనా చూడకుండా దాన్ని రెండు చేతులతో అందుకుని ముందుకు పంపేశాడు.

"అయ్యో, నా కళ్లజోడు!"

"ముందే చెప్పొద్దా? నాలుగు చేతులు దాటిపోయింది."

"వెనక్కి పంపమనండీ!"

"వెనక్కి పంపండో!" అని బాబాయి ఒక్క కేక పెట్టాడు. బస్సులు ఆపిన గొంతు అది. బడి దాకా వినిపించింది. ఏది పంపాలో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రాతి బాతు వెనక్కి వచ్చింది. దాని వెనకే కంచు గుర్రం. ముందుకు పోయే చెక్క ఏనుగు వాటికి ఎదురైంది.

"ముందుకు!" అన్నాడు అధికారి.

"వెనక్కి!" అన్నాడు బాబాయి.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండయ్యా!" అని గోల పెట్టాడు ఒక చంకలో గుర్రం, ఇంకో చంకలో ఏనుగు ఉన్న బేకరీ ఆయన. "నా భుజాలు పోతున్నాయి!"

ఈ గందరగోళంలో పిన్ని చేతికి ఏదో బరువైనది వచ్చింది. ఆమె మసక చూపు కళ్లజోడు వెళ్లిన వైపే ఉంది. బాబాయి దాన్ని అందుకుని పంపేశాడు.

"ఏమిటండీ అది?"

"పాప. జరగాలి, జరగాలి."

పిన్ని తన ఖాళీ చేతులకేసి చూసుకుంది. మరుక్షణం వరుస వదిలి బడి వైపు పరుగెత్తింది.

"ఏమే, సీటు పోతుంది!" అని బాబాయి వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

బడిలో సామాను సర్దే ఆయన పెట్టె మూత మీద చివరి మేకు కొడుతున్నాడు.

"నాయనా, నా కళ్లజోడు ఇటే వచ్చింది."

"వచ్చినవన్నీ గుడ్డ చుట్టి ఇందులో పెట్టేశానమ్మా. ఏది ఏమిటో చూసే తీరిక ఎక్కడిది?"

"అది లేకపోతే సూదిలో దారం ఎక్కించుకోలేను."

ఆయన నిట్టూర్చి మేకులు పీకాడు. పైనే పసుపు మూట ఉంది. "కింద పెట్టకూడదు. కాస్త పట్టుకోండి. రెండు చేతులతో."

గుడ్డ జారింది. పిన్నికి పాప మొహం కనిపించలేదు, అంతా మసకే. చల్లటి బుజ్జి చేతులు రెండూ ఆమె మెడకు తగిలాయి. తల మోచేతి వంపులోకి ఒదిగింది. మెడ వెనక, బీరువాలో ఎన్నడూ కనిపించని చోట, చిన్న గుంట తగిలింది. బొమ్మ చేసిన మనిషి బొటనవేలు ఆనిన చోటు కాబోలు. పిన్ని బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది. ఆరు నెలల కొలత వదులవుతుంది. ఇది నాలుగు నెలల పిల్ల.

"దొరికిందమ్మా!" నీలం దారంతో కట్టిన విరిగిన కాడను ఆమె ముక్కు ముందే పెట్టాడు ఆయన. "ఇదేనా? పాపను ఇటిచ్చి పెట్టుకు చూసుకోండి."

ఆ దారం కట్టింది పిన్నే. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాది కాదు నాయనా. ఇంకా అడుగున చూడు."

అడుగున మరో రెండు కళ్లజోళ్లు దొరికాయి. అవీ ఆమెవి కావట.