నలభై రెండు రాళ్ళు

"మన పురాతన కట్టడాలకి నునుపు తెస్తాం!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. ఇంత దూరదృష్టి గల నాయకుడు మనకు దొరకడం మన అదృష్టం. ఆ నునుపు మొట్టమొదట మా రాతి బడికే దక్కింది. నేను అందులో గుమాస్తాను. మా అమ్మాయి అక్కడే మూడో తరగతి.

మంత్రిగారు గోడ ముందు నిలబడి వేలు చూపించారు. అక్కడక్కడా రాళ్ళ కొసలు జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఏంటయ్యా ఇవి? నన్ను చూసి నాలుక చాపుతున్నట్టు!"

"ప్రొజెక్షన్స్ సర్. అనవసరం సర్," అన్నాడు ఇంజనీరు. ఆయన అంతవరకూ కట్టినవన్నీ అద్దాల మేడలే.

మా మామగారు రాతి మేస్త్రి. ఆగలేకపోయారు. "అయ్యా, ఇది ఒక గోడ కాదు, రెండు. నడుమ ఉన్నది చిల్లర రాళ్ళూ మట్టీనే. ఈ పొడుగు రాళ్ళు ఈ వైపు నుంచి ఆ వైపుకి పోయి రెంటినీ పట్టుకున్నాయి. పీకితే ఏ వైపుకా వైపు విడిపోతుంది."

"విడిపోతే?"

"కప్పు పిల్లల మీదికొస్తుందండి."

మంత్రిగారు ఆలోచించారు. ఆ దృశ్యం నేను కళ్ళారా చూశాను. "పెద్దాయనకి అభివృద్ధి అంటే భయం," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేనూ కొట్టాను.

నలభై రెండు రాళ్ళూ పీకేశారు. ఆ కన్నాల్లో మంత్రిగారి నవ్వుముఖం బొమ్మలు బిగించారు, వెనకాల లైట్లతో సహా. పది రోజులకి గోడకి పొట్ట వచ్చింది. "మోడరన్ కర్వ్ సర్," అన్నాడు ఇంజనీరు. మంత్రిగారు మెచ్చుకున్నారు.

"బాబూ, రేపు పిల్లని బడికి పంపకు," అన్నారు మామగారు.

"రేపు ప్రారంభోత్సవం మామయ్యా. హాజరు తప్పనిసరని సర్క్యులర్ నేనే టైపు చేశాను."

మర్నాడు పిల్లల్ని బడి లోపల కిటికీల దగ్గర నిలబెట్టి చేతికో జెండా ఇచ్చారు. వేదిక మాత్రం రోడ్డుకి అవతల వేశారు.

"అంత దూరమెందుకండీ?" అని ఇంజనీర్ని అడిగాను.

ఆయన గొంతు తగ్గించాడు. "సేఫ్టీ రిపోర్టు. ఆ గోడకి వంద అడుగుల లోపల వీఐపీలు ఉండకూడదని నేనే సంతకం పెట్టా."

"మరి పిల్లలు?"

"రిపోర్టు వీఐపీలకేనండీ."

కిటికీల్లో మా అమ్మాయి కోసం వెతికాను. మామగారు బడి గేటు వైపు పరుగెత్తుతున్నారు. ఇద్దరు పోలీసులు ఆయన్ని రెక్కలు పట్టి ఆపారు. మైకులో మంత్రిగారి గొంతు ఆప్యాయంగా పలికింది.

"ఎడమవైపు కిటికీ బోసిగా ఉంది. ఇంకో పదిమంది పిల్లల్ని లోపలికి పంపండి!"