గోపీనాథ్ ఊళ్ళో లేడు

ఆ మంగళవారం గోపీనాథ్ చేయాల్సిన పని ఒక్కటే: ఇంట్లో కూర్చోవడం. పదింటికి కానిస్టేబుల్ వస్తాడు. ఈ ఇంట్లో ఉండేది ఈ మనిషేనా అని ఇరుగుపొరుగులో ఇద్దర్ని అడిగి, సంతకాలు పెట్టించుకుని పోతాడు. గురజాల పక్కన క్వారీ మూతపడి ఆరు నెలలైంది కాబట్టి, ఇంట్లో కూర్చోవడంలో గోపీనాథ్‌కి మంచి అనుభవమే ఉంది.

అతను పొక్లెయిన్ డ్రైవరు. పన్నెండేళ్ళు రాతిదుమ్ము మింగుతూ, పెనంలా కాలే క్యాబిన్లో కూర్చుని పనిచేశాడు. ఫిన్లాండ్‌లో ఒక రోడ్ల కంపెనీకి డ్రైవర్లు కావాలని, ఏడాదిన్నరకు తాత్కాలిక వర్క్ పర్మిట్ ఇస్తారని పిడుగురాళ్ల ఏజెంటు నాగేశ్వరరావు చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా అక్కడి క్యాబిన్ ఫొటో కూడా చూపించాడు. అందులో ఏసీ ఉంది, హీటరు ఉంది, మెత్తటి సీటు ఉంది. ఆ సీటును చూసినప్పటి నుంచి గోపీనాథ్‌కి ఇంట్లో ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

మెడికల్ అయింది, అనుభవం కాగితం అయింది, మిషను నడుపుతున్న వీడియో కూడా వెళ్ళింది. ఇక మిగిలింది, ఇతని మీద కేసులేమీ లేవని పోలీసులిచ్చే సర్టిఫికెట్. శుక్రవారంలోగా అది పంపకపోతే ఆ సీటు చీరాల డ్రైవరు ఎవరికో పోతుంది.

"పొద్దున్నే చెబుతున్నా, ఇంట్లోంచి కదలమాక," అని నాగేశ్వరరావు ఫోన్లో హెచ్చరించాడు.

గోపీనాథ్ గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చున్నాడు. తొమ్మిదింబావుకు లోపలినుంచి భార్య సౌందర్య కేకేసింది.

"ఏమయ్యా, పాలు విరిగినయ్. సారొస్తే టీ అన్నా ఇయ్యొద్దా?"

అది న్యాయమైన మాటే. గోపీనాథ్ గిన్నె పట్టుకుని పాలకేంద్రానికి బయల్దేరాడు. సౌందర్య స్నానానికి వెళ్ళింది. ఇద్దరూ చేసిన తప్పు అంతే.

కాదు, ఇంకొకటి ఉంది. కానిస్టేబుల్ వస్తున్నాడని వీధికి చెప్పడం మర్చిపోయారు.

వాళ్ళుండేది తూర్పు వీధి. ఆ వీధికొక ఆచారం ఉంది. పద్దెనిమిదేళ్ళ క్రితం పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు వర్గాలు రాళ్ళు రువ్వుకున్నాయి. పోలీసులు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. అప్పటినుంచి ఖాకీ చొక్కా వేసుకున్నవాడు ఎవరి పేరు అడిగినా వీధి మొత్తానికీ జవాబు ఒక్కటే: "ఊళ్ళో లేడు." పిల్లలకు అ ఆల కన్నా ముందు ఈ మాట వస్తుంది. ఖాకీ వేసుకొచ్చిన పాపానికి కొత్త పోస్ట్‌మ్యాన్ ఒకసారి ఉత్తరాలన్నీ వెనక్కి పట్టుకుపోయాడు.

ఆ రోజు కానిస్టేబుల్ బెంజిమిన్ అరగంట ముందే వచ్చాడు. చిలకలూరిపేట నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, పని మీద శ్రద్ధ ఎక్కువ. వీధి మొదట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న హజ్రా బీ దగ్గర బండి ఆపాడు.

"అమ్మా, గోపీనాథ్ ఇల్లేది?"

హజ్రా బీ తల కూడా ఎత్తలేదు. "ఊళ్ళో లేడయ్యా."

"ఎప్పుడు పోయాడు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. హజ్రా బీ ఎదురింటి మాణిక్యమ్మ వంక చూసింది. మాణిక్యమ్మ అడిగినదానికి రెండింతలు చెప్పే మనిషి.

"ఆర్నెల్లయింది. దుబాయ్‌లో ఉన్నాడు. చానా పెద్ద ఉద్యోగం."

బెంజిమిన్ రాసుకుంటూ ఉండగా హజ్రా బీ పెరటిదారిన వెళ్ళి, మేకలదొడ్డి తాళం తెచ్చి గోపీనాథ్ ఇంటి తలుపుకి వేసేసింది. ఆడిన అబద్ధం అతికినట్టు ఉండాలి కదా! బెంజిమిన్ వచ్చి తాళం చూసి తృప్తిపడబోతుండగా లోపల్నుంచి "ఎవురూ?" అని ఆడగొంతు వినపడింది.

"లోపలెవరో ఉన్నారే?"

"టీవీ అయ్యా, కట్టెయ్యకుండా పోయారు," అంది హజ్రా బీ.

"ఆర్నెల్ల నుంచీ ఆడతానే ఉందా?"

"సీరియల్ ఇంకా అయిపోలా."

అక్కడ పాలకేంద్రం దగ్గర గోపీనాథ్ గిన్నె నింపించుకుంటున్నాడు. వెనకనుంచి ఎవరో రెక్క పట్టుకుని లాగారు. చూస్తే హనుమంతరావు. అరవై ఏళ్ళ రైతు, వీధికి పెద్ద, అందరికీ బాబాయ్.

"ఒరేయ్, నీ కోసం పోలీసొచ్చాడు. పద!"

"నేనే రమ్మన్నా బాబాయ్! కాగితం కోసం..."

"భయంలో ఎవుడైనా అట్టాగే మాట్లాడతాడ్రా. పద."

"నేనేం చెయ్యలేదు బాబాయ్!"

"ఎవురు మాత్రం చేశార్రా? మేం చేశామా?"

హనుమంతరావు అతన్ని తన షెడ్డులోకి తోసి, మిరపకాయల టిక్కీలు పేర్చిన చోట ఆ బస్తాల వెనక కూలేసి, మీద పట్టా కప్పాడు. అవి మంచి ఘాటైన కాయలు. గోపీనాథ్ వరసగా ముప్ఫైరెండు తుమ్ములు తుమ్మాడు. తుమ్ము తుమ్ముకీ మధ్య "కాగితం" అనబోయాడు గానీ "కా" దాటి మాట బయటికి రాలేదు. హనుమంతరావు బయట కాపలా నిలబడి, తుమ్ములు వినపడకుండా ట్రాక్టరు స్టార్టు చేసి పెట్టాడు.

బండి శబ్దం ఊరు దాటాక గోపీనాథ్ బయటపడ్డాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ముక్కు ఏకధారగా కారుతోంది, తెల్లచొక్కా ఎర్రచొక్కా అయింది. ఆ అవతారంతోనే, జేబులో పాస్‌పోర్టు తడుముకుంటూ స్టేషన్‌కి పరుగెత్తాడు.

"సార్, నేనే గోపీనాథ్‌ని."

బెంజిమిన్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "దుబాయ్ నుంచి ఎప్పుడొచ్చావ్?"

"నేను దుబాయ్ పోలేదు సార్!"

విషయం లోపల ఎస్సై అపర్ణ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అతని పాస్‌పోర్టు తీసుకుని ప్రతి పేజీ తిప్పింది. అంతా తెల్లగా ఉంది.

"ఒక్క ముద్ర కూడా లేదు. ఏ పాస్‌పోర్టు మీద పోయావు?"

"అసలు పోలేదు మేడం."

"పోకుండా ఆర్నెల్లు దుబాయ్‌లో ఎట్లా ఉన్నావు? రెండో పాస్‌పోర్టు ఎక్కడ దాచావు?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో గోపీనాథ్‌కి అప్పుడు తెలిసింది. పొద్దున తన మీద ఒక్క కేసూ లేదని రాయించుకుందామని కూర్చున్నాడు. మధ్యాహ్నం కాకుండానే ఒకటి తయారవుతోంది. ఫిన్లాండ్ సీటు కళ్ళముందే గిర్రున అటు తిరిగిపోయినట్టనిపించి, నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళు ముందే ఎర్రగా ఉండటంతో ఎవరూ గమనించలేదు.

సౌందర్యకు ఫోన్ చేశాడు. "నేను స్టేషన్లో ఉన్నా. నన్ను గుర్తుపట్టేవాళ్ళు కావాలంట, వీధిలోవాళ్ళని పంపు."

సౌందర్య, తాళం తీసిన హజ్రా బీని తిట్టడం ఆపి, ఉన్నదున్నట్టే వీధికి చెప్పింది. వీధి మాత్రం "స్టేషన్లో" అన్నంతవరకే విని బయల్దేరింది.

రెండు ఆటోల జనం స్టేషన్లో దిగారు. ముందు హనుమంతరావు, భుజాన కండువా, చేతిలో పొలం పాసుపుస్తకం.

"మేడం, పిల్లోడు ఏం చేసినా తెలవక చేశాడు. జామీను నేనిస్తా."

"ఏం చేశాడు?" అంది ఎస్సై.

"అది మీరే సెలవియ్యాల."

మాణిక్యమ్మ ముందుకు తోసుకొచ్చింది. "ఆ రోజు వీడు మా ఇంట్లోనే ఉన్నాడు మేడం, నేను సాక్ష్యం."

"ఏ రోజు?"

"మీరు ఏ రోజంటే ఆ రోజు."

"దుబాయ్‌లో ఉన్నాడని పొద్దున చెప్పింది నువ్వే కదమ్మా?" అన్నాడు బెంజిమిన్.

"మధ్యలో వచ్చిపోయాడు," అంది మాణిక్యమ్మ.

గోపీనాథ్ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇంతమంది ప్రేమిస్తే ఏ మనిషైనా జైలుకు పోవాల్సిందే.

అంతలో హనుమంతరావు తన పుస్తకం బల్ల మీద పెట్టాడు. ఎస్సై పాసుపుస్తకంలో పేరు చదివి, మళ్ళీ చదివి, బీరువాలోంచి పాత ఫైలొకటి తీయించింది.

"బ్రహ్మయ్య కొడుకు హనుమంతరావు మీరేనా?"

"నేనే మేడం. నాలుగూళ్ళు తెలిసినోడ్ని."

"ఆ రాళ్ళ కేసులో మిగతావాళ్ళంతా వాయిదాలు తిరిగి కొట్టేయించుకున్నారు. మీ మీద వారెంటు మాత్రం ఇంకా ఉంది. పద్దెనిమిదేళ్ళలో మావాళ్ళు పదమూడుసార్లు వచ్చారు. పదమూడుసార్లూ 'ఊళ్ళో లేడు' అని రాసుకొచ్చారు." ఆవిడ కాగితాలు తిప్పింది. "చెప్పినవారు హజ్రా బీ. చెప్పినవారు హజ్రా బీ. ఇక్కడా హజ్రా బీయే."

హజ్రా బీ కొంగు సర్దుకుంది. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో లేని మనిషి తన కాళ్ళతో తానే నడిచొచ్చి, ఎస్సై ఎదుట కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఎస్సై పాత ఫైలునూ, పొద్దున బెంజిమిన్ రాసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వు కనపడింది. "బెంజిమిన్, ఈ వీధిలో ఊళ్ళో లేడంటే ఇంట్లోనే ఉన్నాడని అర్థం. గోపీనాథ్ ఆర్నెల్లుగా ఇక్కడే ఉన్నట్టు ఇంతకన్నా రుజువేం కావాలి? అలాగే రాయి."

గంటలో రిపోర్టు పైకి వెళ్ళింది. ఇతని మీద ఏ కేసూ లేదు, మంచివాడు అన్న సర్టిఫికెట్ గురువారం ఉదయానికి గోపీనాథ్ చేతిలో పడింది.

అదే రోజు హనుమంతరావును కోర్టులో పెట్టారు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. పాత కేసు ముద్దాయిలు పనికిరారన్నారు లాయరుగారు. తూర్పు వీధి మగవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కేసులో పేరు లేనివాడు ఒక్కడే ఉన్నాడు. రాళ్ళు రువ్విన రోజు అతను ఆటలమ్మ పోసి మంచంలో ఉన్నాడు. అతని జేబులో ఇంకా మడత నలగని సర్టిఫికెట్ కూడా ఉంది.

"ఆలోచించుకో," అన్నారు లాయరుగారు. "వాయిదాకి ఈయన రాకపోతే నోటీసు నీకొస్తుంది."

గోపీనాథ్ హనుమంతరావు వంక చూశాడు. టిక్కీల వెనక తోసింది ఈయనే. పద్దెనిమిదేళ్ళు దాక్కున్నవాడు, తన కోసమని పాసుపుస్తకం పట్టుకుని పోలీస్ స్టేషన్ గడప తొక్కిందీ ఈయనే. ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి మిరపకాయల వల్ల కాదు. సంతకం పెట్టాడు. పక్కన హజ్రా బీ ఇంటిపన్ను రసీదు చూపించి వేలిముద్ర వేసింది.

"నీ పిల్లల మీద ఒట్టురా, ఒక్క వాయిదా కూడా తప్పను," అన్నాడు హనుమంతరావు. "నువ్వు నిశ్చింతగా పోయిరా."

పర్మిట్ వచ్చింది. మార్చి నెలాఖరులో గోపీనాథ్ విమానమెక్కాడు.

ఏప్రిల్లో మొదటి వాయిదా. హనుమంతరావు కొత్త పంచె కట్టుకుని వీధిలోకి అడుగుపెట్టాడు. వీధి చివర ఖాకీ చొక్కా కనపడింది. వచ్చింది కరెంటు లైన్‌మ్యాన్. అది తెలిసేసరికి హనుమంతరావు టిక్కీల వెనక ఉన్నాడు, వాయిదా దాటిపోయింది.

వారానికి బెంజిమిన్ నోటీసు పట్టుకుని వచ్చాడు. "గోపీనాథ్ ఉన్నాడా?"

"అల్లా మీద ఒట్టయ్యా, ఊళ్ళో లేడు," అంది హజ్రా బీ.

"ఫిన్లాండ్‌లో ఉన్నాడు. చానా పెద్ద ఉద్యోగం," అంది మాణిక్యమ్మ.

బెంజిమిన్ నవ్వుకుంటూ నేరుగా షెడ్డుకెళ్ళి టిక్కీలన్నీ కదిపించి, పదహారు తుమ్ములు తుమ్మి వచ్చాడు. సౌందర్య ఇక లాభం లేదని వీడియో కాల్ కలిపింది.

ఆ సమయానికి గోపీనాథ్ మెత్తటి సీట్లో కూర్చుని ఉన్నాడు. హీటరు పనిచేస్తోంది. ముఖానికి మాస్కు, తలకు హెల్మెట్. పోలీసును చూసి అతను జీవితంలో మొదటిసారి సంతోషించాడు.

"నమస్తే సార్! ఫిన్లాండ్‌లోనే ఉన్నా, చూడండి, బయటంతా మంచు!" అని ఫోన్ను క్యాబిన్ అద్దం వైపు తిప్పాడు.

బెంజిమిన్ కళ్ళు చికిలించి చూశాడు. ఒక పొక్లెయిన్. మాస్కు కట్టుకున్న డ్రైవరు. చుట్టూ గుట్టలు గుట్టలుగా తెల్లటి పొడి. ఇదంతా అతను ఎరగనిది కాదు, రోజూ డ్యూటీకి వచ్చే దారిలో చూసేదే. తలూపి, అక్కడే నిలబడి రిపోర్టు రాశాడు:

"గోపీనాథ్ ఊళ్ళో లేడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో దాక్కున్నాడు."