గురవమ్మ చేలో హాజరు

మానవజాతి చరిత్రలో ఉద్యోగి ఆఫీసుకు తిరిగి రావడం కంటే పవిత్రమైన ఘట్టం ఇంకొకటి లేదని మా శాఖవారి ఉత్తర్వు నంబరు పదిహేడు ప్రకటించింది. మాది పత్రాల సవరణ శాఖ. సర్టిఫికెట్లలో తప్పుపడ్డ పేర్లు సరిచేస్తాం (తప్పు వేసేది కూడా మేమే, అందుకే పనికి ఏనాడూ కొరత రాలేదు). ఒంగోలు దగ్గర ఒక మండల కేంద్రంలో ఆ ఆఫీసుకు నేను సూపరింటెండెంటుని. పేరు అంకమ్మరావు.

భవనం మరమ్మతులని పద్నాలుగు నెలలు మమ్మల్ని ఇంటి నుంచే పని చేయమన్నారు. నేను ఇంట్లో ఉన్నాను. పని ఆఫీసులోనే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఈ ఉత్తర్వు. అందరూ ఆఫీసుకు రావాలి. గంటకోసారి ఫోన్‌లోని యాప్‌కు ముఖం చూపించాలి. ఆ ముఖం ఆఫీసుకు యాభై మీటర్ల లోపల ఉండాలి.

మొదటి రోజు నా కుర్చీలో కూర్చుని ముఖం చూపించాను. 'మీరు ఆఫీసులో లేరు' అంది యాప్. (ఇరవయ్యారేళ్ల సర్వీసులో నన్ను ఇంత సరిగ్గా అంచనా వేసినవాళ్లు లేరు.)

మా కంప్యూటర్ ఆపరేటర్ మార్క్, యాప్‌లోని మ్యాపు చూసి, "సార్, మన ఆఫీసు రెండు కిలోమీటర్ల అవతల మిరప చేలో ఉందండి" అన్నాడు.

పైఅధికారికి ఫోన్ చేశాను. ఆయన తాడేపల్లిలో సొంత ఇంట్లో కూర్చుని పునరాగమన విభాగాన్ని నడుపుతున్నారు. "మ్యాపు మార్చాలంటే కమిటీ వేయాలయ్యా. నెలన్నా పడుతుంది. అందాకా ఆఫీసు ఎక్కడుందో అక్కడికే వెళ్లండి" అన్నారు.

వెళ్లాం. చేను గురవమ్మది. కాయ ఎర్రగా పండి ఉంది, కోయడానికి కూలీలు దొరకడం లేదు. మా కథంతా విని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంటే పొద్దుగూకులూ ఇక్కడ ఊరికే నుంచుంటారా?"

"ప్రభుత్వ ఉత్తర్వమ్మా."

"నుంచునే బదులు తలా ఒక సాలు పట్టండయ్యా. కాయలు కోయొద్దని రాశారా అందులో?"

ఉత్తర్వు మళ్లీ చదివాను. రాయలేదు.

మధ్యాహ్నానికి అరగోతం కోశాను. ఆఫీసు వేళల్లో నా చేతి మీదుగా ఒక పని జరగడం సర్వీసులో అదే మొదలు. ఆనందబాష్పాలు తుడుచుకున్నాను, ఆ మిరప చేతులతోనే. మూడు గంటలకు యాప్ నా ముఖం నాది కాదని తేల్చి, సగం రోజు సెలవు రాసేసింది.

మూడో రోజు మమ్మల్ని వెతుక్కుంటూ ఏసోబు వచ్చాడు. కూలి పని చేసుకునే మనిషి, ఎనిమిది నెలలుగా మా చుట్టూ తిరుగుతున్నాడు. కూతురి పేరు ఆరాధన. సర్టిఫికెట్ మీద మేం 'ఆవేదన' అని వేశాం.

"అయ్యా, అమ్మాయికి చీరాల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందండి. శుక్రవారంలోగా సరైన కాగితం చూపించకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేత్తారంట."

బీరువా తాళం దొరకలేదని చెబుదామంటే అక్కడ బీరువా లేదు. టీకి వెళ్దామంటే కొట్టు లేదు. ఎదురుగా ఏసోబు, పక్కన గురవమ్మ.

"ఏంది చూస్తన్నావయ్యా? ఆ పిల్ల పేరు రాసెయ్!" అంది గురవమ్మ.

మార్క్ లాప్‌టాప్ తెరిచాడు. నేను ఆమోదించాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఏసోబు ఫోన్‌లో కూతురి పేరు కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. నా సాలులో మిగిలిన కాయలన్నీ కోసిపెట్టి వెళ్లాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. (ఆ తర్వాత భయమేసింది. నాలుగు నిమిషాల సంగతి బయటికి పొక్కితే ఎలా?)

పొక్కింది. ఆ నెలలో చేలో మూడు వందల పన్నెండు పేర్లు సరిచేశాం. పైనుంచి మెమో వచ్చింది: 'మీ ఆఫీసులో అసాధారణ స్థాయిలో పని జరుగుతున్నట్లు దృష్టికి వచ్చింది. సంజాయిషీ ఇవ్వగలరు.' గాలీ వెలుతురూ తగలడం వల్ల పొరపాటు జరిగిందనీ, మళ్లీ జరగనివ్వననీ రాసిచ్చాను. కమిటీ హుటాహుటిన కూర్చుని మ్యాపు సరిచేసింది. మేం ఎవరి కుర్చీలోకి వాళ్లం చేరాం.

నిన్న గురవమ్మ ఆఫీసుకు వచ్చింది. సర్టిఫికెట్‌లో ఆమె పేరు 'గురవయ్య' అని పడిందట. కూర్చోబెట్టాను. మంచినీళ్లు తెప్పించాను. ఆమె పేరు వెంటనే సరిచేయాలని మనస్ఫూర్తిగా అనుకున్నాను. ఈలోగా నోరు దానంతటదే "వచ్చే వారం రండమ్మా" అనేసింది.

గురవమ్మ లేచి నిలబడింది. "వచ్చే వారం దాకా ఎందుకయ్యా? ఇప్పుడే మా చేలోకి రా. నాలుగు నిమిషాల్లో అయిపోద్ది."

"రాలేనమ్మా," అన్నాను. "పనివేళల్లో ఆఫీసు వదిలి రాకూడదు."