అటకెక్కిన కానుకలు

మధ్యాహ్నం మూడింటికి కడుపు డాక్టరు గోడ గడియారం పీకాడు. నాలుగింటికి కూతురు తనతో మెడిసిన్ చదివే ఇద్దరిని వెంటబెట్టుకొస్తోంది. మందుల కంపెనీల దగ్గర ఏమీ పుచ్చుకోని డాక్టరు చేత కాలేజీ సభలో మాట్లాడించాలని వాళ్ళ పట్టుదల. "మా నాన్న ఉన్నారుగా!" అని ఆ పిల్ల గొప్పగా మాటిచ్చేసింది. కూతురి ముందు తల దించుకోకూడదంటే ఇల్లు శుభ్రం చెయ్యాలి.

శుభ్రమంటే చీపురుతో కాదు. గడియారం షుగరు మాత్రలవాళ్ళది. గొడుగు దగ్గు మందుది. కాళ్ళు తుడుచుకునే పట్టా మొలల మందుది.

"ఏవండీ, టీ కప్పులేవీ?" అంది భార్య.

"అటక మీద. వాటి మీద గుండె బొమ్మ ఉంది."

"మరి టీ దోసిట్లో పొయ్యనా?"

"మంచినీళ్ళు చాల్లే."

"ఆ సీసాల మీద మూత్రపిండాలున్నాయి."

సీసాలూ అటకెక్కాయి.

"ఇన్నేళ్ళలో ఒక్క పెన్నయినా కొన్నారటండీ?"

"ఇస్తే కాదంటే బాగుండదే!"

బాగుండదట! ఇచ్చేవాడికి బాగుండబట్టే కదా ఇచ్చేది.

"అయినా పుచ్చుకున్నంత మాత్రాన నా చెయ్యి మారుతుందా? మిగతా డాక్టర్ల సంగతి వేరు."

"ఆ మిగతావాళ్ళూ ఇంట్లో పెళ్ళాలకి ఇదే చెబుతుంటారు."

డాక్టరు గొడుగు చంకన పెట్టుకున్నాడు. అతను నిచ్చెనెక్కాడు.

పిల్లలొచ్చేసరికి హాలు దొంగలు పడ్డ కొంపలా ఉంది.

"ఎంత నిరాడంబరంగా ఉంటారో!" అంది కూతురి స్నేహితురాలు. గడియారం వదిలిన గుండ్రటి మచ్చ కింద డాక్టరు ఋషిలా కూర్చున్నాడు.

"కంపెనీల దగ్గర ఏమైనా తీసుకున్నారా అంకుల్?" ప్రశ్నల కాగితం పట్టుకుని అడిగాడు కళ్ళద్దాల కుర్రాడు.

"గుండుసూది కూడా ఎరగను."

వంటింట్లో దగ్గు వినిపించింది.

"మేం తీసుకుంటున్నాం అంకుల్. పెన్నులు, బ్యాగులు, భోజనాలు. అవి మనల్నేం చేస్తాయిలే అనుకుంటాం," అన్నాడు కుర్రాడు.

"అదే జబ్బు నాయనా! పక్కవాడే చెడతాడనుకోవడం!" అని గర్జించాడు డాక్టరు.

కూతురి ముఖం వెలిగిపోయింది. అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంతలో స్నేహితురాలు కడుపు పట్టుకుంది. "పరీక్షల గొడవలో తిండి సరిగ్గా లేదంకుల్. ఒకటే మంట."

"ఓస్, అంతేనా! హాయిగాస్ వేసుకో. పరగడుపున ఒకటి."

"అందులో ఏ మందుంటుంది అంకుల్?" అన్నాడు కుర్రాడు, రాసుకుంటూ.

"హాయిగాస్‌లోనా? హాయిగాసే ఉంటుంది."

"కంపెనీ పెట్టిన పేరు కాదు నాన్నా," అంది కూతురు. "లోపలున్న మందు పేరు. పుస్తకంలో ఉండేది."

డాక్టరు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. వైద్యం చదివిన రోజుల్లో నిద్రలో లేపినా చెప్పగలిగిన పేరు అది. ఇప్పుడు ఆ చోట హాయిగాస్ కాళ్ళు బార్లా జాపుకుని కూర్చుంది.

"నీ కడుపు సంగతి చూడాలి గదమ్మా ముందు," అని గొణిగాడు.

"నా కడుపు బాగానే ఉందంకుల్. అది మా నాలుగో ప్రశ్న."

భార్య గుమ్మంలోకి వచ్చింది. "పోనీ ఏ కప్పు మీదైనా ఉందేమో, అటకెక్కి చూసి రానా అండీ?"

కూతురు అటక వంక చూసింది. మచ్చ వంక చూసింది. కుర్రాడి చేతిలోని కాగితం తీసుకుని మడిచింది.

"సభకి మీరు తప్పకుండా రావాలి నాన్నా."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "ఏం మాట్లాడమంటావమ్మా?"

"ఇప్పుడు మాట్లాడిందే. అందాకా ఆ మందు పేరు మాత్రం నేర్చుకోకండి."