ఏడు వృత్తాలు, ఒక గది

చోడవరం జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే కృష్ణకాంత్, భార్య శ్రీసుధతోనూ ఎనిమిది నెలల కూతురితోనూ విశాఖపట్నంలో రెండు రోజులు గడపాలని నిర్ణయించాడు. విషయం అత్యంత గోప్యంగా ఉంచబడింది. ఎందుకంటే విశాఖలో వాళ్ళకి ఏడిళ్ళ చుట్టాలున్నారు. సొంతవాళ్ళుండగా హోటల్లో దిగడం నేరం కాదుగానీ, శిక్ష మాత్రం యావజ్జీవం.

శ్రీసుధకి హోటల్లో కావలసినవి మూడే. పాలసీసా కడగడానికి వేడినీళ్ళు, పాప దొర్లి పడకుండా గోడవారగా మంచం, ఏకబిగిన రెండు గంటల నిద్ర. మూడోదాన్ని ఆమె చూసి ఎనిమిది నెలలైంది.

కృష్ణకాంత్ శాస్త్రీయంగా ముందుకెళ్ళాడు. నగరం మ్యాపు ప్రింటు తీయించి, చుట్టాల ఇళ్ళు కేంద్రాలుగా ఏడు వృత్తాలు గీశాడు. వ్యాసార్థం మూడు కిలోమీటర్లు. సీతమ్మధారలో ఉండే పెదనాన్న అనంతరామయ్యగారు పొద్దున్నే నడిచే దూరం అంతే మరి. వృత్తాలు పడని చోట్లు రెండు మిగిలాయి. ఒకటి సముద్రం. రెండోది లారీల స్టాండు వెనక హోటల్.

"వేడినీళ్ళొస్తాయా?" అంది శ్రీసుధ.

"చుట్టాలు రారు," అన్నాడు కృష్ణకాంత్.

ఆమె రివ్యూలు చదివింది. ఒకాయన బొద్దింకల గురించి సవివరంగా రాశాడు. ఒకావిడ మాత్రం అయిదు నక్షత్రాలిచ్చి, 'అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే ఉంది' అంది. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి శ్రీసుధ సరేనంది.

బయల్దేరే రోజు పక్కింటి అచ్చియ్యమ్మగారు గుమ్మంలోకొచ్చింది. "ఏటమ్మా, చంటి గుంటనెత్తుకుని ఎక్కడికి?"

అన్నవరం అని చెప్పారు. సంచిలోంచి ఇసకలో ఆడుకునే బొమ్మపార తొంగిచూస్తోంది. ఆవిడ దాన్నోసారి చూసింది. లోపలికెళ్ళి విశాఖకి ఫోను కలిపింది.

పదకొండింటికి కృష్ణకాంత్ హోటల్ రిజిస్టర్లో సంతకం పెడుతుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందులోంచి లుంగీతో, చేతిలో ఫ్లాస్కుతో అనంతరామయ్యగారు, వెనకే ఆయన భార్య రమామణిగారు దిగారు.

ఎవరూ కదల్లేదు. రిసెప్షన్లో ఉన్న దాసు సాయం చేయబోయాడు. "సార్, చోడవరం చుట్టాలొస్తన్నారని ఇంటికి తాళవేసొచ్చేనన్నారు, వీళ్ళేనాండి?"

"ఇంటికి రంగులేయిస్తన్నాం బాబూ," అన్నారు రమామణిగారు.

"అన్నవరం వెళ్తూ ఆగేం పెద్దమ్మా," అన్నాడు కృష్ణకాంత్.

అన్నవరం అటు కాదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మర్యాద అంటే అదే.

అనంతరామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఒరే కృష్ణా, మేం ఈ ఊళ్ళో ఉండగా నువ్వు వేరే గదిలో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? రక్తసంబంధానికి రెండు గదులెందుకురా? దాసూ, మా గది ఖాళీ చేస్తన్నాం. సామాను వీళ్ళ గదిలో పెట్టించు!"

పన్నెండింటికి పాప నిద్రపోయింది. శ్రీసుధ కళ్ళు మూసుకుంది. పన్నెండూ పదకొండు నిమిషాలకి, ముక్కు ఎవరి పోలికో చూద్దామని రమామణిగారు పాపని లేపారు. ముక్కు మీద ఏకాభిప్రాయం కుదరక ఫొటో కుటుంబం గ్రూపులో పెట్టారు. మూడింటికల్లా మిగతా ఆరిళ్ళవాళ్ళూ స్వయంగా పరిశీలించడానికి వచ్చేశారు. ఏడు వృత్తాలూ సరిగ్గా ఆ మంచం మీదే ఖండించుకున్నాయని కృష్ణకాంత్ గమనించాడు. లెక్కల మనిషి కాబట్టి కొంత ఆనందించాడు కూడా.

వేడినీళ్ళు వస్తున్నాయో లేదో చూస్తానని శ్రీసుధ బాత్‌రూంలోకి వెళ్ళి గడియపెట్టింది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, గోడకి తల ఆనించింది.

రమామణిగారు తలుపు కొట్టారు. "సుధా! నిద్రపోతన్నావేటమ్మా? పదిమందికి టీ చెప్పాలి!"

ఆమెకి హఠాత్తుగా ఆ అయిదు నక్షత్రాలావిడ గుర్తొచ్చింది. ఆవిడ కూడా ఈ బకెట్ మీదే కూర్చుని రాసుంటుంది. శ్రీసుధ ఫోను తీసి, అయిదు నక్షత్రాలూ నొక్కి, అక్షరం మార్చకుండా రాసింది: 'అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే ఉంది.'

ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని కింద 'ఉపయోగపడింది' అని నలభై రెండు మంది నొక్కారు. చంటిపిల్లతో ప్రయాణం పెట్టుకుని, మొన్న మీరు నొక్కినదీ అందులోనే ఉంది.