ముంగిసలు కట్టిన బొరియ

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు, కమిటీలు వేసుకునేంత పెద్దది, ముంగిసలే కాపలా. వాళ్ళకి రెండే పనులు. దొంగ కనబడితే కొరకాలి. గోడ కూలి ఎవరైనా మూలుగుతుంటే ఆ గోడ కట్టాలి. మూలిగేది దొంగే అయితే ఏం చెయ్యాలో రూల్సులో లేదు.

ఆ లోపం కనిపెట్టింది బొండప్ప అనే పందికొక్కు. వాగుగట్టులో బొరియ మొదలుపెట్టి రోజుకో గది తవ్వుకుంటూ పోయాడు. గట్టు తెగితే కిందున్న ఇళ్ళన్నీ గల్లంతే. ముంగిసల జమాదారు గవరయ్య కాపురం కూడా అక్కడే.

గవరయ్య పళ్ళు నూరుకుంటూ బొరియలోకి దూకాడు.

"అమ్మో! అబ్బో! నా గోడ కూలిపోయిందయ్యా!" అని మూలిగాడు బొండప్ప.

గవరయ్య కోపం చప్పున దిగిపోయింది. "అయ్యయ్యో, కదలకు. ముందు మట్టి తెస్తానుండు," అన్నాడు. పాపం, మనసు వెన్న.

బొండప్పని బయటికి తరమమని అడవి కమిటీవాళ్ళు సింహాచలమ్మ అనే ఏనుగుని పంపారు. ఆవిడ తొండంతో బొరియలోకి నీళ్ళు కొట్టింది. గోడలు కరిగాయి, బొండప్ప మూలిగాడు, గవరయ్య రెట్టింపు మందంతో మళ్ళీ కట్టాడు. నాలుగుసార్లు ఇదే తంతు. "కాపలా చాలట్లేదు" అని కమిటీ ఇంకో ఇరవై ముంగిసల్ని పంపింది. వాళ్ళూ వచ్చి తట్టలు పట్టుకున్నారు.

"మీ చేతిలో ఏదో మహత్తుంది జమాదారుగారూ!" అనేవాడు బొండప్ప. గవరయ్య మీసం దువ్వుకునేవాడు.

ఒకరోజు గవరయ్య పెళ్ళాం నూకాలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"ఏవయ్యా, మనింటి గోడ ఎవడో తవ్వుకుపోతున్నాడు. వాడి చేతులు పడిపోనూ!"

గవరయ్య తన తట్టకేసి చూసుకున్నాడు. ఆ మట్టి వాళ్ళింటిదే. దగ్గర కదా అని రోజూ అక్కణ్ణించే తెస్తున్నాడు. తల కొట్టేసినట్టయింది.

బొండప్ప గబగబా మూలిగాడు.

"మూలుగు నాయనా, బాగా మూలుగు," అంటూ గవరయ్య తట్ట అవతల పారేశాడు. "ఒరేయ్, కట్టింది చాలు. ఇక కొరుకుదాం రండి!"

బొండప్ప దొడ్డిదారికి పరుగెత్తాడు. అక్కడ గోడ. పక్క కన్నానికి పరుగెత్తాడు. అక్కడా గోడే. ముందు గుమ్మం తప్ప ముంగిసలు ఒక్క కన్నం వదలకుండా శ్రద్ధగా పూడ్చేశారు మరి. ఈసారి సింహాచలమ్మ అరతొండం నీళ్ళు కొడితే సరిపోయింది. బొండప్ప తడిసి ముద్దై, ముందు గుమ్మంలోంచి తిన్నగా ఇరవయ్యొక్క ముంగిసల మధ్యకి వచ్చిపడ్డాడు. అప్పుడు మూలిగిన మూలుగు మాత్రం నిజమైనదే. ఎవరూ మట్టికి పరుగెత్తలేదు.

నీతి: దొంగని పట్టడానికి కాపలా పెంచేముందు, ఉన్నవాళ్ళ చేతుల్లోంచి తట్టలు లాక్కోండి.